ఓడెక్కిన ఒడిబియ్యం

ఆ పొద్దున ఎల్లేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓడ కొచ్చి రేవులో ఆగుతుంది. చెల్లెలు వనిత రేవు గేటు దగ్గర ఉంటుంది. వాళ్లింటికి పోయి, ఆమెకు ఒడిబియ్యం పోసి, ఆమె వండిన కోడికూర తిని, పొద్దుగూకేలోపు మళ్లీ ఓడెక్కాలి. ఖర్చల్లా ఆటోకే. అదీ బావ ఇస్తాడని నమ్మకం.

చొప్పదండిలో ఎల్లేశానిది విత్తనాల దుకాణం. పిసినారి అనడం తప్పు. జారిన గింజ కోసం బల్ల కిందికి దూరి, అక్కడ దొరికిన ఎవరిదో చొక్కా గుండీని కూడా జేబులో వేసుకుని లేచే జాగ్రత్త మనిషి, అంతే. ఆ ఏడు పత్తి విత్తనాలు దండిగా అమ్మినందుకు కంపెనీవాళ్లు డీలర్లను పెళ్లాలతో సహా ఓడెక్కించారు. ముంబై నుంచి కొచ్చి, అక్కడి నుంచి గోవా, మళ్లీ ముంబై. ఓడలో ఎంత తిన్నా ఉచితమేనని తెలిసి, ఎల్లేశం వారం ముందునుంచే ఇంట్లో పూటకొక రొట్టె తగ్గించి కడుపులో చోటు చేసుకున్నాడు.

ఊళ్ల పేర్లలో కొచ్చి కనబడగానే అతని ముఖం వెలిగింది. వనిత మొగుడు అక్కడి రేవులో క్రేన్ నడుపుతాడు. పుట్టింటివాళ్లు వచ్చి ఆమె ఒడి నింపాల్సిన ఏడు ఎప్పుడో దాటిపోయింది. అడిగినప్పుడల్లా ఎల్లేశం దగ్గర ఒక కారణం ఉండేది. ఒకసారి రైలు రద్దయిందన్నాడు. ఇంకోసారి బస్సు పంచరైందన్నాడు. చొప్పదండి నుంచి కొచ్చికి అసలు బస్సే లేదన్న సంగతి అతనికి తట్టలేదు, వనితకు తట్టింది. ఇప్పుడేమో వచ్చే నెలలో బిడ్డ శ్యామల పెళ్లి. మేనత్త లేకుండా పిల్లను పెళ్లిపీట ఎక్కించేదెలా?

"ఒడిబియ్యం పోస్తెనే పెండ్లికొస్త. లేకుంటె నాకు అన్ననే లేడనుకుంట" అని వనిత ఫోనులో తేల్చి చెప్పింది.

అందుకే ఇంటినుంచి బియ్యం మూట తెచ్చాడు. ఓడ ఎక్కేచోట తనిఖీవాళ్లు అడిగితే, విత్తనాల శాంపిలని చెప్పాడు. ఆ పొద్దున భార్య సరోజన తలంటుకుని, గదిలో మంచుగడ్డల కోసం పెట్టిన తళతళలాడే బకెట్‌లో బియ్యం పోసి, పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు సర్ది, పైన ఆకుపచ్చ పట్టుచీర మడత పెట్టింది. చీర కొంగు సర్దిందో లేదో, గోడలో ఉన్న మైకు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. కాసేపటికి కంపెనీ కుర్రాడు సాయిచంద్ తలుపు కొట్టాడు.

"సార్, సముద్రంల గాలి జోరుగున్నదట. కొచ్చి రేవు బందువెట్టిన్రు. ఓడ ఆగదు. ఇయ్యాల్టంత నీళ్లమీదనే తిరుగుడు."

"ఆగదా? జర పక్కకు ఆపుమను. దిగి, పోసి, ఉరికొస్త."

"గిది బస్సు కాదు సార్, చెయ్యెత్తితె ఆపనీకి."

సరోజన బకెట్‌ను ఒడిలోకి లాక్కుంది. "కలిపిన బియ్యం ఇంటికి మళ్లియ్యద్దు. పెండ్లి ముంగట అసలే మళ్లియ్యద్దు. ఏం జేస్తవో నాకు తెల్వదు."

ఎల్లేశం చెల్లెలికి ఫోను కలిపాడు. "చెల్లే, ఓడ ఆగుతలేదే."

అవతల వాన చప్పుడు. దాన్ని మించి వనిత గొంతు వచ్చింది.

"రైలయిపాయె, బస్సయిపాయె, గిప్పుడు ఓడనా? నేను గీడ గేటుకాడ వానల నిలవడ్డ. వచ్చేపారి విమానం రెక్క ఇరిగిందంటవా?"

"నీమీదొట్టు, ఈసారి నిజమే!"

"అంటె అప్పటియి అబద్ధాలేనన్నట్టు!"

ఎల్లేశం నాలుక కరుచుకున్నాడు. కానీ కరుచుకోవాల్సింది ఆ మాట అనకముందు.

"ఓడ నడిపేటోల్లతోని చెప్పియ్యి, అప్పుడు నమ్ముత" అని వనిత ఫోను పెట్టేసింది.

కెప్టెన్ దగ్గరికి తీసుకుపొమ్మంటే సాయిచంద్ బాత్రూములోకి పోయి గొళ్లెం పెట్టుకున్నాడు. ముందుకొచ్చింది భైంసా డీలరు అంబదాస్. సగం మరాఠీ, సగం తెలుగు, మొత్తం ధైర్యం.

"ఫికర్ నకో, ఎల్లేశంసేట్! కెప్టెన్ మరాఠీ బాయి. నేన్ మాట్లాడుత, చలా!"

గదిలో వదిలితే ఊడ్చేవాళ్లు పారబోస్తారని సరోజన బకెట్‌ను చంకన పెట్టుకుని వెంట నడిచింది. బతుకమ్మను ఎత్తుకున్నట్టు ఆమె ముందు, దొంగల్లా మగవాళ్లిద్దరూ వెనక.

కెప్టెనమ్మ రాత్రంతా గాలితో కొట్లాడి అప్పుడే టీ కప్పు అందుకుంది. అంబదాస్ మరాఠీలో నమస్కారాలతో మొదలుపెట్టాడు. అతను అసలు సంగతికి వచ్చేలోపే ఆమె చూపు బకెట్ మీద పడింది. పసుపు బియ్యం, కుడుకలు, పైన కొత్త చీర. వాళ్ల వైపు కూడా ఆడపిల్లల ఒడి నింపుతారు, ఓటీ అంటారు. కప్పు కింద పెట్టింది.

"ఇది నాకా?" అని మరాఠీలో అడిగింది. "మా అమ్మ పోయాక నా ఓటీ ఎవరూ నింపలేదు."

ఆమె కళ్లలో నీళ్లు చూసి, భైంసా బజారులో పత్తి బేరాలు తెంపే అంబదాస్‌కు మొదటిసారి కాదనడం చేతకాలేదు. తల నిలువుగా ఊపేశాడు. కెప్టెనమ్మ లేచి తూర్పు ముఖంగా కూర్చుంది. ఆ గదిలో తూర్పు ఎటో తెలిసింది ఆమె ఒక్కతెకే.

"ఏందిది?" అన్నాడు ఎల్లేశం. అంబదాస్ చెవిలో చెప్పాడు.

"అగో! గది మా చెల్లెది..."

సరోజన మోచేత్తో డొక్కలో పొడిచింది. "ఆడిబిడ్డ ఒడివట్టినంక గట్ల మాట్లాడుతరా? పొయ్యి!"

తెల్లటి యూనిఫారం మీద ఆకుపచ్చ పట్టుచీర చుట్టి, సరోజన బొట్టు పెట్టింది. ఎల్లేశం దోసిలి పట్టాడు. గింజ గింజా లెక్కపెట్టినట్టు మెల్లగా పోశాడు. అది భక్తి అనుకుంది కెప్టెనమ్మ.

ఈలోగా బాత్రూములోంచి బయటపడిన సాయిచంద్ తలుపు సందులోంచి అంతా వీడియో తీసి డీలర్ల గ్రూపులో పెట్టాడు. అది గ్రూపు నుంచి కరీంనగర్‌కు, కరీంనగర్ నుంచి చొప్పదండికి, అక్కడి నుంచి ఓ పుణ్యాత్ముడి చలవతో కొచ్చి రేవు గేటుకు చేరింది. గాలికైనా అంత వేగం లేదు. ఎల్లేశం జేబులో ఫోను మోగింది.

"గాలొచ్చిందంటివి, ఓడ ఆగదంటివి! నా చీర ఎవరో టోపీ ఆమెకు సుట్టిచ్చి, నా బియ్యం గామెకు పోస్తవా? పెండ్లికి గామెనే పిల్సుకో. పసుపు గామెతోనే దంచిపిచ్చుకో!"

ఎల్లేశం డెక్కు మీదికి వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే మైకులో కెప్టెనమ్మ గొంతు వినబడింది. ఒడి నిండినందుకో ఏమో, హుషారుగా ఉంది. గాలి ఉత్తరానికి మళ్లిందట, గోవా తోవ బాగాలేదట, కొచ్చి రేవు తెరిచారట, ఓడ అక్కడికే పోతుందట. డీలర్లందరూ చప్పట్లు కొట్టారు. పొద్దున్నుంచి ఏ రేవు కోసం మొక్కాడో, ఆ రేవు రావద్దని ఎల్లేశం మొక్కడం మొదలుపెట్టాడు.

"సాయిచందూ, జర దూరంకెల్లి పోనియ్యమనరాదు?"

"పొద్దుగాల ఆపుమంటిరి గద సార్!"

కొచ్చి గేటు దగ్గర వనిత విరిగిన గొడుగును కర్రలా పట్టుకుని నిలబడి ఉంది. పక్కనే ఆమె మొగుడు, ఎందుకైనా మంచిదని రెండడుగులు ఎడంగా. ఎల్లేశం సరోజన వెనక దాక్కుని వచ్చాడు. వాళ్ల వెనకే టోపీ, బొట్టు, పట్టుచీర, కొంగున బియ్యం మూటతో కెప్టెనమ్మ దిగింది. అంబదాస్ మెట్ల మీద ఆమెకు ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె నేరుగా పోయి వనిత చేతులు పట్టుకుంది. తప్పు తనదేనని, ఓడ ఆపనిదీ తానే, చీర కట్టుకున్నదీ తానేనని, అమ్మ పోయాక ఒడి నింపేవాళ్లు లేక ఆశపడ్డానని, అన్న చెప్పిన మాట అక్షరాలా నిజమేనని హిందీలో చెప్పింది.

వనిత గొడుగు దించింది. "ఏందీ? మా అన్న నిజం చెప్పిండా?"

ఓడ వచ్చినందుకు కాదు, ఈ సంగతికి ఆమె ముక్కున వేలేసుకుంది. తర్వాత కెప్టెనమ్మను కింది నుంచి పైదాకా చూసింది. వానకు తడిసిన బొట్టు ఆమె ముక్కు మీదికి జారుతోంది. వనిత కొంగుతో దాన్ని తుడిచింది.

"అవ్వ లేని పిల్లవా? మా అన్న ఒడి నింపితె నువ్వు నాకు అక్కవే. పా ఇంటికి, గా బియ్యం వండుకొని తిందాం." అన్నవైపు తిరిగింది. "నువ్వెటొస్తున్నవ్? గదిగో, బజారు అటు."

కొచ్చి బజారులో కుడుకలు చవక. ఆ సంతోషం పట్టుచీరల దుకాణం మెట్ల దాకానే నిలిచింది. దొరికిన బియ్యమేమో లావుగా, ఎర్రగా ఉన్నాయి. ఎంత పసుపు కలిపినా అవి ఎర్రగానే ఉండి ఎల్లేశాన్ని వెక్కిరించాయి. చివరికి వనిత ఒడి నిండింది. ఓడ వెళ్లిపోతుందని ఎవరికీ తొందర లేదు. నడిపే మనిషి వనిత వంటింట్లో రెండోసారి పప్పు పోసుకుంటోంది మరి.

శ్యామల పెళ్లికి మేనత్తలిద్దరూ వచ్చారు. టోపీ పెట్టుకునే పసుపు దంచిన మేనత్తను చూసి, ఊరి కాలువలోకి ఓడొచ్చిందని చొప్పదండిలో ఇప్పటికీ చెప్పుకునేవాళ్లున్నారు. ఆడబిడ్డలిద్దరికీ చీరలు, ఇద్దరికీ సారె. వచ్చే ఒడిబియ్యం కూడా ఒకేసారి పోయాలని ఇద్దరూ కలిసి మాట తీసుకున్నారు.

ఈ వానాకాలం కంపెనీవాళ్లు మళ్లీ ఓడ ప్రయాణం ప్రకటించారు. టార్గెట్ ఎక్కడ నిండి మళ్లీ ఓడెక్కాల్సి వస్తుందోనని, ఎల్లేశం మధ్యాహ్నానికే దుకాణం మూసి, వచ్చిన రైతులను ఎదుటి కొట్టుకు పంపుతున్నాడు.