ఎవరెవరికి పడదు?

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది, ఒక్క పూట భోజనం వండి మెప్పించడం. పెద్ద హోటల్లో ఉద్యోగం వదిలేసి, తిండిలో కొన్ని పదార్థాలు ఒంటికి పడనివాళ్ళ కోసమే వంటిల్లు తెరిచిన చెఫ్‌ను వీధిలో అందరూ పడదమ్మ అంటారు. తెరిచిన నాటి నుంచి తినడానికి వచ్చినవాళ్ళకంటే సలహాలివ్వడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఇవాళ ఒక ఆఫీసువాళ్ళు తమ దగ్గరికొచ్చి వడ్డిస్తే రుచి చూస్తామన్నారు. నచ్చితే వాళ్ళ క్యాంటీను ఆవిడదే. నచ్చకపోతే మళ్ళీ పాత హోటలు, పాత తిట్లు.

"బాబాయ్, ఆ ఆఫీసుకి ఫోన్ చేసి పడనివేంటో కాస్త కనుక్కో" అంది కూరలు కడుగుతూ.

ఫోనంటే బాబాయికి ప్రాణం. అవతల ఆపరేటరమ్మాయి ఎత్తగానే, "భోజనాల ఏర్పాటు కోసం అడుగుతున్నానమ్మా. మీ దగ్గర ఎవరెవరికి పడదు?" అన్నాడు.

ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదో తెలుసుకుని కుర్చీలు వేయడానికి కాబోలు అనుకుంది ఆ పిల్ల. గొంతు తగ్గించి, "మా మేనేజరుగారికి గుడ్డు అస్సలు పడదండి. స్టోర్సు మేడమ్‌కి పల్లీ పడదు" అంది. ఆ ఆఫీసులో గుడ్డు అంటే బట్టతల అకౌంటెంటు, పల్లీ అంటే పొట్టి గుమస్తా. ఈ ముద్దుపేర్లు పాపం బాబాయికేం తెలుసు.

"తగిలితే ప్రమాదమా అమ్మా?"

"తగలక్కర్లేదండి. గుడ్డు ఒకే గదిలో ఉంటే చాలు, సార్‌కి ఊపిరాడదు. పల్లీ పేరెత్తితే మేడమ్ ముఖం ఎర్రబడిపోతుంది."

బాబాయి చెప్పింది విని పడదమ్మకు చెమటలు పట్టాయి. ఇంత సున్నితమైన ప్రాణాలను ఆవిడ బుద్ధెరిగాక చూడలేదు. ఎందుకైనా మంచిదని పాలు, గోధుమ, నువ్వులు కూడా మానేసి, గిన్నెలన్నీ మళ్ళీ తోమించింది. బియ్యప్పిండి, కొబ్బరిపాలతో కేకు చేసింది. ఆఫీసు భోజనాల గది తలుపుకి బాబాయి చేత పెద్ద అక్షరాల కాగితం అంటించింది. "గుడ్డు, పల్లీ లోపలికి రాకూడదు."

కాగితం అంటించకముందే మేనేజరు లోపల కూర్చున్నాడు. ఆ తర్వాత అందరికంటే ముందు వచ్చింది అకౌంటెంటు. చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. వెనకే వచ్చిన గుమస్తా కూడా చదివాక ఇద్దరూ వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ ఆగిపోయారు. స్టోర్సు మేడమ్ మాత్రం కాగితాన్ని తృప్తిగా చదువుకుంది. లోపల ఖాళీ బల్లల మధ్య ఒక్కడే కూర్చున్న మేనేజరు కాసేపటికి బయటికొచ్చాడు.

"ఏమైందయ్యా, ఎవరికీ ఆకలి లేదా?"

"నేను మీకు పడనని అందరికీ తెలుసు సార్. తలుపు మీద రాయించాలా?" అన్నాడు అకౌంటెంటు.

పడదమ్మ పరుగున వచ్చింది. "సార్‌నేమీ అనకండి, రాయించింది నేనే. గుడ్డు ఒకే గదిలో ఉంటే ఆయనకి ఊపిరాడదటగా."

"ఊపిరి కూడా ఆడదా?" అన్నాడు అకౌంటెంటు నీరసంగా.

"నేను రోజూ పొద్దున్నే గుడ్డు తింటానమ్మా" అన్నాడు మేనేజరు అయోమయంగా.

క్యాంటీను చేజారిపోయిందని పడదమ్మకు అర్థమైంది. ఎందుకు జారిందో మాత్రం అర్థం కాలేదు. అప్పుడు మెట్ల చివర నుంచి ఆపరేటరమ్మాయి సన్నగా అంది. "కుర్చీల కోసం అడిగారనుకుని మనుషుల పేర్లు చెప్పానండి."

మేనేజరు అకౌంటెంటు వైపు తిరిగాడు. "మీ మీద కోపంతో సెలవు ఆపింది నిజమేనయ్యా. ఈ ఊపిరి సంగతి మాత్రం అబద్ధం." అకౌంటెంటు తల నిమురుకుని ముందుగా నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. నవ్వుకుంటూనే అందరూ లోపలికి నడిచారు.

ఆపరేటరమ్మాయి మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం డబ్బా పట్టుకుని పైకి వెళ్ళబోయింది. పడదమ్మ అడ్డం వచ్చింది.

"నీకేం పడదమ్మా?"

"పాలండీ. చుక్క తగిలినా గొంతు వాచిపోతుంది. నన్నెవరూ అడగలేదు."

"ఇక్కడ దేంట్లోనూ చుక్క పాలు లేవు. కొబ్బరిపాలు పడతాయా?"

"పడతాయండి. కేకులోనూ లేవా?"

"కేకులోనూ లేవు."

మేనేజరు చెయ్యి పళ్ళెంలోనే ఆగింది. "అందుకా, మేం కేకు కోసినప్పుడల్లా ఫోను మోగిందని వెళ్ళిపోయేదానివి?"

"మోగేది కాదండి" అంది ఆ పిల్ల. అకౌంటెంటు జరిగి కుర్చీ ఇచ్చాడు. మొదటి ముక్క ఆమె నెమ్మదిగా తింది, రెండోది అడిగి మరీ వేయించుకుంది. చూస్తున్న పడదమ్మకు కళ్ళు చెమర్చాయి. హోటల్లో ఇన్నేళ్ళు వండినా ఇంత సంతోషం ఎరగదు.

"రేపటి నుంచి క్యాంటీను మీదేనమ్మా" అన్నాడు మేనేజరు.

ఆ రోజు నుంచి మేనేజరూ అకౌంటెంటూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తున్నారు, కూరలో ఉప్పు తగ్గిందన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.