గెలిచిన సారు, ఓడని అక్క

న్యాయం గుడ్డిదని లోకమంతా అంటుంది. మా కార్డుల క్లబ్బులో న్యాయానికి రెండు కళ్ళూ ఉన్నాయి! ఒక కన్ను పేరు అక్షరం, రెండో కన్ను పేరు ఆంతర్యం. ఎప్పుడు ఏది తెరవాలో, ఏది మూయాలో చూసుకునే భారం మాత్రం అధ్యక్షులవారు తమ భుజాన వేసుకున్నారు.

ఈ అధ్యక్షులవారే మిగతా రోజుల్లో మా బీమా ఆఫీసు మేనేజరుగారు. ఆదివారం పొద్దున మందుల షాపు మీది గదిలో, ఖాళీ అట్టపెట్టెల మధ్య, అధ్యక్షులవుతారు. ఆ ఆఫీసులో నేను కొత్తవాణ్ణి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అయినా క్లబ్బులో తీర్పరి పదవి నాదే. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే. దగ్గుమందు సీసాలోని మడతకాగితం దగ్గర్నుంచి మిక్సీ గ్యారంటీ దాకా అచ్చుపడ్డ ప్రతిదీ నా చేతికే వస్తుంది. అలాగే కార్డులూ వచ్చాయి.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, కింద ఒకటో రెండో వాక్యాలు ఉంటాయి. ఆ వాక్యం ఏం చెబితే బల్ల మీద అది జరగాలి. ఒక కార్డు మాట ఇంకో కార్డు మాటకు అడ్డం వచ్చిందా, తీర్పరి లేవాలి. లేచి, అధ్యక్షులవారి మొహంలోకి చూడాలి.

ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారు డ్రాగన్‌ను వేశారు. మేనేజరుగారు కోటగోడ వేశారు. "ఎగిరే జంతువును ఈ గోడ ఆపలేదు" అని గోడ కార్డు మీదే ఉంది.

"మరింకేం, నా డ్రాగన్ గోడ దాటినట్టే!" అన్నారు మాస్టారు.

"ఎగురుతుందని మీ కార్డు మీద ఎక్కడుంది మాస్టారూ?"

"అదేంటండీ, అంతంత రెక్కలుంటేనూ!"

"రెక్కలు కోడికీ ఉంటాయి. మన క్లబ్బులో అక్షరమే ప్రమాణం. ఏమయ్యా తీర్పరీ?"

డ్రాగన్ గోడకు గుద్దుకుని చచ్చింది.

మరుసటి ఆదివారం మేనేజరుగారు గండభేరుండాన్ని వేశారు. మాస్టారు అదే గోడ అడ్డం పెట్టారు. గండభేరుండం కార్డు మీదా "ఎగురుతుంది" అన్న మాట లేదు.

"అయ్యో మాస్టారూ, ఆ రెక్కలు కనబడటం లేదూ? ప్రతిదీ రాసిపెట్టాలా? ఆంతర్యం చూడాలి, ఆంతర్యం! ఏమయ్యా తీర్పరీ?"

గండభేరుండం గోడ దాటి హాయిగా ఎగిరిపోయింది. అందరం తలలు ఊపాం. ఏదీ అర్థం కానప్పుడు తల ఊపడాన్ని మించిన మర్యాద లేదు.

ఇక అసలు కథ. ఏటా మా క్లబ్బు నుంచి ఒకరు పెద్ద పోటీకి వెళ్ళాలి. నిరుడు ఫైనల్లో మేనేజరుగారు మందుల షాపాయన చేతిలో ఓడిపోయారు. ఓడిన కుర్చీలోంచి లేవకుండానే ఒక సవరణ ప్రతిపాదించారు: "గెలిచినవాడు ఎలాగూ గెలిచేశాడు. వాడికి కప్పు చాలు. అనుభవం కావలసింది గెలవనివాడికి. అందుచేత ఫైనల్లో గెలవనివారే పెద్ద పోటీకి వెళ్ళాలి." అందరి చేతులూ లేచాయి. పాపం, షాపాయన చెయ్యి కూడా లేచింది. గది ఆయనదే అయినా షాపు బీమా మేనేజరుగారి చేతిలో ఉంది. మేనేజరుగారు వెళ్ళారు, మొదటి ఆటలోనే ఓడి వచ్చారు, అనుభవం దండిగా వచ్చిందన్నారు. పని అయిపోయిన సవరణను అందరం మరిచిపోయాం. పెట్టినాయన అందరికంటే ముందు మరిచిపోయారు.

ఈసారి ఫైనల్ మేనేజరుగారికీ మా అక్కకీ పడింది.

మా అక్క ఆసుపత్రిలో నర్సు. పెళ్ళిళ్ళకే సెలవు దొరకని మనిషి. ఈ పోటీ కోసం తోటి నర్సుల డ్యూటీలన్నీ ముందుగా తానే చేసిపెట్టి, సెలవు కూడబెట్టింది. "ఒక్కసారి ఆట వచ్చినవాళ్ళతో ఆడాలిరా" అనేది. "ఇక్కడ గెలిస్తే 'అమ్మాయి కదా అని వదిలేశాం' అంటారు, ఓడితే 'అమ్మాయి కదా' అంటారు."

ఫైనల్ ముందు మేనేజరుగారు నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు.

"నీ ఉద్యోగం ఖాయం చేసే ఫైలు నా బల్ల మీదికి వచ్చిందయ్యా. ఊరికే, చెవిన వేద్దామని."

"సంతోషం సార్."

"బంధుప్రీతి చాలా చెడ్డది సుమా!"

"అవును సార్."

ఆయన లోపలికి వెళ్ళగానే అక్క వచ్చింది. "ఏమన్నాడ్రా మీ సారు?"

"న్యాయంగా ఉండమన్నారు."

"అంత మాటన్నాడా? అయితే మునిగావు పో!"

ఆట మొదలైంది. ఎక్కడ నేర్చిందో అక్క ఆయన సైన్యాన్ని ఇంజెక్షన్ వేసినంత నిదానంగా, చెప్పకుండా పొడుస్తూ వచ్చింది. చివరికి 'చావులేని మహారాణి'ని బల్ల మీద పెట్టింది. దాని మీద రాసి ఉంది: "ఈ కార్డు బల్ల మీద ఉన్నంతవరకు నువ్వు ఓడిపోవు."

మేనేజరుగారు నవ్వారు. దాచుకున్న కార్డు తీసి చప్పుడయ్యేలా కొట్టారు. అది 'జయభేరి'. "ఈ కార్డు వేసినవాడు ఆట గెలుస్తాడు."

అన్ని మొహాలూ నా వైపు తిరిగాయి.

"ఏమయ్యా తీర్పరీ, అక్షరమా, ఆంతర్యమా?"

"మీ ఇష్టం సార్."

"నా కార్డు మీద 'గెలుస్తాడు' అని అచ్చుపడి ఉంటే ఇంకా అడుగుతావేమిటి? అక్షరం!"

నేను రెండు కార్డులూ మళ్ళీ చదివాను. నాకు చేతనయింది చదవడమొక్కటే. చదివిందే చెప్పాను.

"జయభేరి అక్షరం ప్రకారం అధ్యక్షులవారు గెలిచారు. మహారాణి అక్షరం ప్రకారం మా అక్క ఓడిపోలేదు."

"ఒకరు గెలిచాక రెండోవాళ్ళు ఓడకుండా ఎలా ఉంటారు నాయనా?" అన్నారు మాస్టారు.

"ఉండనివ్వండి మాస్టారూ!" అన్నారు మేనేజరుగారు ఉదారంగా. "ఆడపిల్ల, ఓడలేదనుకుని సంతోషపడనీ. నేను గెలిచానా లేదా? అది చాలు! ఏమ్మా సిస్టరమ్మా, నీకు సమ్మతమేనా?"

"మహా సమ్మతం సార్. మీరే గెలిచారు. ఎవరైనా కాదంటే నేను ఒప్పుకోను."

అక్క అంత వినయంగా మాట్లాడితే చిన్నప్పటి నుంచీ నాకు భయం.

చప్పట్లు మోగాయి. మేనేజరుగారు కప్పు ఎత్తారు. నా చేతే ఫొటో తీయించి, "విజేత" అని రాసి ఆఫీసు గ్రూపులో పెట్టుకున్నారు. 'గెలుపు' అనే విషయం మీద సుదీర్ఘంగా మాట్లాడారు. ఆయన మంచినీళ్ళు తాగడానికి ఆగినప్పుడు అక్క సంచీ భుజాన వేసుకుని అడిగింది.

"బస్సెక్కడ ఆగుతుంది సార్?"

"ఏ బస్సు?"

"పెద్ద పోటీకి. గెలవనివాళ్ళే వెళ్ళాలని నిరుడు మీరే కదా సవరణ పెట్టారు? మీరేమో గెలిచిపోయారు."

మేనేజరుగారి గొంతులో నీళ్ళు అడ్డంపడ్డాయి. నేను తర్వాత అక్కను అడిగాను, పోటీకి వెళ్ళాలంటే ఊరికే ఓడిపోతే సరిపోయేదిగా అని. "వెళ్ళడం కోసం ఆయన చేతిలో ఓడాలా? చచ్చినా ఓడను!" అంది అక్క. ఆయన జయభేరి దాచుకున్నారని ముందే పసిగట్టిందట. అందుకే మహారాణి.

"ఆగాగు!" అన్నారు మేనేజరుగారు. "నేను గెలవలేదు!"

"సార్, చేతిలో కప్పుంది" అన్నారు షాపాయన మెల్లిగా.

"కప్పుదేముందయ్యా! ఆంతర్యం చూడండి! ఆ పిల్ల ఓడనప్పుడు నేను గెలిచానని ఎలా అంటారు? ఓడినవాడు లేని గెలుపు గెలుపేనా? చెప్పాలంటే నేనే ఓడిపోయాను. ఘోరంగా ఓడిపోయాను! ఏమయ్యా తీర్పరీ?"

చప్పట్లు కొట్టిన చేతులే గడ్డాలు నిమురుకున్నాయి. తలలు ఊగడం మొదలైంది. నా తల కూడా సగం దాకా ఊగింది. అంతలో ఆయన ఫోను మోగింది. చేతిలోని కప్పును దించకుండానే కంగారుగా స్పీకరు నొక్కారేమో, గదంతా వినబడింది. హెడ్డాఫీసు పెద్దాయన గొంతు!

"ఏమిటయ్యా, ఫొటో చూశాను! నిజంగా గెలిచావా? లేక ఊరికే కప్పు పట్టుకున్నావా?"

మేనేజరుగారు నిటారుగా నిలబడ్డారు. మా అందరి వైపూ చూశారు. అక్క వైపు చూశారు.

"గెలిచాను సార్. నిజంగానే సార్. అక్షరాలా గెలిచాను సార్."

అక్క అప్పటికే మెట్లు దిగుతోంది.

మర్నాడు ఆఫీసులో ఫైలు సంగతి కదిపాను. మేనేజరుగారు తల ఎత్తలేదు.

"ఆ ఫైలు నా బల్ల మీద ఉన్నంతవరకు నీ ఉద్యోగం పోదు."

"మరి ఖాయమవుతుందా సార్?"

"అలా అని ఎక్కడైనా రాసుందా?"

అప్పటి నుంచి రోజూ ఆయనకంటే ముందే వచ్చి ఆ బల్ల నేనే తుడుస్తున్నాను. ఫైలు మాత్రం కదపను. దాని చుట్టూ తుడుస్తాను.