ఎర్రలైటు దాటని పాట

శనివారం పొద్దున్న ఆర్థర్ గారి ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆయన భార్య ఆలిస్ ఒక పాట పాడాలి. రాబిన్ దాన్ని రికార్డు చెయ్యాలి. రెండున్నర బండికి కలకత్తా ఆస్పత్రికి బయల్దేరాలి. సోమవారం ఆలిస్ గొంతుకి ఆపరేషను. "ప్రాణానికి భయం లేదు, గొంతే మిగలదు" అని డాక్టరు ముందే చెప్పేశాడు. నలభై ఏళ్లుగా చర్చిలో మైకు లేకుండా పాట ఎత్తుకున్న గొంతు అది. చివరి బెంచీలో కునికేవాళ్లతో పాటు బయట టోటో రిక్షాలో కునికే డ్రైవర్ని కూడా లేపేది.

ఆర్థర్ గారు రిటైరైన గూడ్సు డ్రైవరు. ముప్ఫయ్యారేళ్లలో ఒక్క ఎర్ర సిగ్నలూ దాటలేదు. సొంత పెళ్లిలో ఎర్ర తివాచీ ముందు కూడా కాసేపు ఆగారట.

ఆలిస్ మేనల్లుడు రాబిన్ ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ నుంచి తాల్‌బగీచాలో వీళ్లింటికి వచ్చి, రికార్డర్ బల్లమీద పెట్టాడు.

"మామయ్యా, ఈ గీత సూడండి. గొంతు పెరిగితే ముందుకి పోతాది. సివర ఎర్రలైటు ఎలిగిందంటే, పైనున్న సౌండుని మిషను కోసేసినట్టే. కోసేసింది మరి అతకదు."

"కోసేస్తాదా?" అన్నారు ఆర్థర్ గారు. ఆ మాట వినడం ఆయనకి ఆ వారంలో రెండోసారి.

"అత్తా, లెవెలు సూసుకోవాలి. ఏటైనా మాటాడు."

"ఏటి మాటాడమంటావురా? ఏటండీ, బనీను మీద మళ్లీ టీ ఒలకబోసుకున్నారా? నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ పాలు పొయ్యిమీదెట్టి పేపరు సదవకండి. అదిగో, పొంగిపోతన్నాయి, ఆపండి!"

ఆర్థర్ గారు వంటింట్లోకి పరిగెత్తారు. గీత సరిగ్గా మధ్యలో ఆడింది. "ఠీక్ హై" అన్నాడు రాబిన్. కొంప మునిగింది అక్కడే. తిట్టే గొంతుకి లెవెలు పెట్టి, పాడే గొంతుని రమ్మన్నాడు.

ఆలిస్ పల్లవి ఎత్తుకోగానే అలమారాలో స్టీలు గ్లాసులు వంత పాడాయి. ఎర్రలైటు భగ్గుమంది.

"రెడ్డు! ఆపు!" ఆర్థర్ గారు చెయ్యెత్తారు.

"ఈ నాబు తిప్పి సౌండు తగ్గిస్తే సరిపోతాది మామయ్యా."

"ముట్టుకోకు! సిగ్నలు ఎర్రగా ఉంటే సిగ్నల్ని మారుస్తారేట్రా? బండినే ఆపాల. ఆలిస్, నువ్వెనక్కెళ్లు."

ఆవిడ వంటింటి గుమ్మం దాకా వెళ్లింది. దూరమైంది కదా, వినబడదేమోనని ఇంకా గట్టిగా పాడింది. మళ్లీ రెడ్డు. "ఇంకా ఎనక్కి!" ఈసారి వరండాలోకి.

ఆ వీధిలో వరండాలో పాట వినబడిందంటే అది ప్రార్థన కూటమే. పిలుపులుండవు. పాటల పుస్తకం చంకన పెట్టుకుని వచ్చెయ్యడమే. ముందు ఎదురింటి జెఫ్రీ డోలక్‌తో దిగాడు. ఏ కూటానికీ రాని పక్కింటి దాలమ్మ కూడా, "ఆలిస్ వదిన పాడతందిరా" అంటూ చేటలో బియ్యంతో సహా వచ్చింది. రెండో చరణానికల్లా వరండా కూలడానికి సిద్ధంగా ఉంది.

"కొంచెం మెల్లగా..." అనబోయారు ఆర్థర్ గారు.

"నాకోసమే వచ్చినారండీ," అంది ఆలిస్ కళ్లు తుడుచుకుంటూ. ఆయన మళ్లీ రికార్డర్ దగ్గరికెళ్లారు.

"ఏటి రాబినూ, అలగ నిలబడిపోనావు? సాపలెయ్యి!" జెఫ్రీ కేకేశాడు. కూటంలో అందరికన్నా చిన్నవాడు చాపలు వెయ్యాలి, కాదనడానికి లేదు. "మామయ్యా, ఎర్రలైటు రాకుండా సూసుకోండి" అని రాబిన్ పరిగెత్తాడు.

ఆర్థర్ గారు చూసుకున్నారు. ఈసారి బండిని ఆపడానికి లేదు కాబట్టి నాబే కొంచెం తగ్గించారు. ఎర్రలైటు పోయింది. బ్రేకు ముందుగా వేసినవాడే ఇల్లు చేరతాడని ఇంకొంచెం తగ్గించారు. గీత పూర్తిగా పడుకున్నాక గానీ ఆయనకి ధైర్యం రాలేదు. చరణానికీ చరణానికీ మధ్య ప్రార్థనలతో, మధ్యాహ్నం దాకా అయిదు చరణాలూ ఆలిస్ పాడింది. జనం ఏడ్చారు, దాలమ్మ బియ్యంలో ఏడ్చింది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఆలిస్ మొహం చూడలేదు. లైటునే చూస్తూ కూర్చున్నారు.

"ఒక్క రెడ్డు పడనేదురా!" అన్నారు గర్వంగా.

రాబిన్ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. లోపల వాన కురుస్తున్నట్టు ఒకటే హోరు. ఆ వానలో ఎక్కడో జెఫ్రీ డోలక్. ఆలిస్ గొంతు హౌరా అవతలి నుంచి వస్తున్నట్టుంది. సౌండు పెంచితే వానే పెరిగింది.

"మామయ్యా... పాట పడనేదు."

ఆలిస్ గబగబా మంచినీళ్లు తాగి, మళ్లీ నోరు తెరిచింది. గాలి వచ్చింది. ఇంకోసారి తెరిచింది. గాలే వచ్చింది. గోడమీద గడియారం ఒకటిన్నర చూపించింది.

బండి వెళ్లింది. ఆపరేషను బాగా జరిగింది. డాక్టరు చెప్పినట్టే జరిగింది.

నెల తర్వాత రాబిన్ రికార్డర్ మొత్తం గాలించాడు. ఒక్క ముక్క దొరికింది. కోత లేదు, వాన లేదు, గ్లాసులో నీళ్లంత తేటగా ఉంది. లెవెలు కోసం మాట్లాడించిన ముక్క.

ఇప్పుడు ఆర్థర్ గారు రోజూ పొద్దున్నే దాన్ని స్పీకర్లో పెట్టుకుంటారు. బనీను మీద టీ అనగానే బనీను చూసుకుంటారు. "ఆపండి!" అనగానే లేచి వెళ్లి, వెలగని పొయ్యి కట్టేసి వస్తారు.

మెడకి గుడ్డ కట్టుకున్న ఆలిస్ ఇదంతా వారం రోజులు చూసింది. ఎనిమిదో రోజు పలక తీసుకుని రాసి, ఆయన ముందు పెట్టింది.

"సౌండు తగ్గించండి. కూటం అనుకొని జెఫ్రీ డోలక్ తెచ్చేయగలడు."