వదిన రెజ్యూమె, నా చేతిచలవ

మా పక్కింటావిడ ఇస్త్రీ బండి దగ్గర అందట. అక్కడ విన్నావిడ మా ఆవిడ చెవిలో వేసింది. మా ఆవిడ, ఉప్పూకారం తగినంత దట్టించి, నాకు వడ్డించింది.

"పుష్కరకాలం మిక్సీల షాపులో కూర్చున్న మనిషి ఇప్పుడు నర్సవుతుందట! రోగికి సెలైన్ ఎక్కకపోతే ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టి చూస్తుంది కాబోలు!"

ఆ మాట మా వదిన గురించి. ఒక ఎలక్ట్రికల్ షాపులో కంప్లయింట్ల కౌంటర్ ఆమెది. ఆ ఉద్యోగం వదిలేసి, కూతురి ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని, నర్సింగ్ చదివి పాసైంది. ఎందుకు వదినా ఈ వయసులో అంటే ఒకటే మాట.

"మిక్సీ బాగైతే గుర్రుమంటుంది మరిదీ. మనిషి బాగైతే 'వెళ్ళొస్తానమ్మా' అంటాడు. నాకు ఆ మాట కావాలి."

కావాలంటే సరా? ఆస్పత్రివాళ్ళు పాత అనుభవం రాసి తెమ్మన్నారు. కొత్త పనికి పాత పని వివరాలెందుకని లోకంలో కొందరు గొణుగుతుంటారు. నేనొప్పుకోను! మానవజాతికి దొరికిన గొప్ప వరాల్లో ఇదొకటని ఈ కాలమ్ సాక్షిగా ప్రకటిస్తున్నాను.

మా పల్లెలో ఎద్దును కొనేవాడు పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, కాస్త నడిపించి చూస్తాడు. "పాత యజమాని దగ్గర నువ్వు సాధించిన విజయాలేమిటి?" అని ఒక్కడైనా అడిగాడా? అందుకే ఎద్దులు ఇప్పటికీ ఎద్దులుగానే ఉండిపోయాయి!

మనిషి అలా కాదు. నా స్నేహితుడొకడు వరసగా మూడు వ్యాపారాలు ముంచాడు. రెజ్యూమెలో మాత్రం "మూడు సంస్థల ముగింపును దిగ్విజయంగా నిర్వహించాను" అని రాశాడు. వెంటనే మేనేజర్‌గా తీసుకున్నారు. ఆ కంపెనీ కూడా ఇప్పుడు దిగ్విజయంగా ముగుస్తోంది. అనుభవమంటే అదీ!

అంచేత వదిన రెజ్యూమె నేనే రాస్తానన్నాను. ఆమె తెచ్చిన కాగితంలో రెండే ముక్కలు. నర్సింగ్ పాసయ్యాను. అంతకుముందు షాపులో కంప్లయింట్లు రాసుకున్నాను, తిట్లు తిన్నాను.

"తిట్లు తిన్నానని ఎవరైనా రాస్తారా వదినా?"

"తిన్నాను కదా మరి! బోనస్ రాని ఏడాది ఉంది గానీ తిట్లు రాని రోజు లేదు."

నేను కొట్టేసి, "ఉద్రిక్త పరిస్థితుల్లో కస్టమర్ సంబంధాల నిర్వహణ" అని వేశాను. వదిన కళ్ళద్దాలు పైకెత్తి చదివింది.

"నన్ను తిట్టినవాడికి ఇంత మర్యాదా! పోనీలే, ఆ నర్సింగ్ ముక్క మాత్రం పైన పెట్టు."

"నర్సులందరికీ ఉండేదే కదా వదినా అది. దాంట్లో కొత్తేముంది?" అని దాన్ని రెండో పేజీ అడుక్కి తోశాను.

చేతిచలవంటే నాదే! వారం తిరక్కుండా పిలుపొచ్చింది. వదిన తెల్లబూట్లు కొనుక్కుంది. తోడుగా నేనూ వెళ్ళాను. పై అంతస్తులో, వార్డు పక్కనే ఆఫీసు గది. టై కట్టుకున్న ఆఫీసరుగారు నా రచన చదువుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. పక్క వార్డులో ఎవరో రోగి పిలుపుగంట నొక్కుతున్నట్టున్నాడు, ట్రింగ్ ట్రింగ్ మంటోంది.

"మేడమ్, మీలాంటివారి కోసమే చూస్తున్నాం! బిల్లింగ్ కౌంటర్. రోగుల బంధువులు వచ్చి అరుస్తుంటారు. మీకు అలవాటే కదా!"

వదిన నా వైపు చూసింది. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. గంట మళ్ళీ మోగింది.

"నేను నర్సుగా అడిగానండీ. వార్డులో చాలినంతమంది ఉన్నారా?" అంది వదిన.

"ఎక్కడున్నారు మేడమ్! నర్సులు తక్కువయ్యారు కాబట్టే కంప్లయింట్లు ఎక్కువయ్యాయి. కంప్లయింట్లు ఎక్కువయ్యాయి కాబట్టే కౌంటర్లో అర్జంటుగా మనిషి కావాలి. ఏసీ గది, మెత్తటి కుర్చీ!"

ఎంత చక్కటి లెక్క! పాఠకులారా, ఇంత తెలివైన యాజమాన్యం చేతిలో మన ప్రాణాలుండటం మన అదృష్టం కాదూ? లేచి చేయి కలుపుదామనుకున్నాను కూడా.

ఈలోగా వదిన లేచింది. ఆఫీసరుగారి చేతిలోంచి నా రెజ్యూమె సున్నితంగా లాక్కుని, మడిచి, నా జేబులో పెట్టింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"నేనొచ్చి కూర్చున్నప్పట్నుంచీ ఆ గంట మోగుతూనే ఉంది బాబూ. మీరు వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా?"