ఎక్స్ అక్షరం మొక్కలు

ఆదివారం పొద్దున్నే పెనుగొండలో అక్క కూతురి సీమంతానికి బయల్దేరుతూ సూర్యకళ మొగుడికి ఒకే ఒక్క పని అప్పగించింది.

"దుర్గాశ్రీకి హోంవర్కు ఉందండి. ఎక్స్ అక్షరం వచ్చే ఇంగ్లీషు మాటలు అయిదు రాయాలట. మీ వల్ల కాకపోతే వదిలేయండి, నేనొచ్చి రాయిస్తాను."

ఆ చివరి మాట గంగరాజుకు గుచ్చుకుంది. కడియంలో నర్సరీ నడుపుతూ, లారీల కొద్దీ మొక్కలు దేశం నలుమూలలకూ పంపే మనిషి. అయినా కిందటి నెల అతను రాయించిన హోంవర్కుకు టీచరు అడ్డంగా ఎర్రగీత కొట్టినప్పటినుంచి, రెండో తరగతి చదివే కూతురు పుస్తకం పట్టుకుని అతని దగ్గరికి రావడం మానేసింది. "అమ్మ వచ్చాక రాసుకుంటాలే నాన్నా" అంటుంది, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదే అతనికి మింగుడు పడటం లేదు. ఈ రోజు ఎలాగైనా ఆ పిల్ల చేత 'మా నాన్నకు వచ్చు' అనిపించుకోవాలని తీర్మానించుకున్నాడు.

దుర్గాశ్రీ అరుగు మీద కూర్చుని బొమ్మకు పూలు పెడుతోంది.

"పుస్తకం తియ్యమ్మా. నేను చెప్తాను, రాసుకుందువుగాని."

ఆ పిల్ల ఏదో అనబోయి, తండ్రి మొహం చూసి ఆగిపోయింది. "సరే నాన్నా" అంది.

గంగరాజుకు వచ్చిన ఇంగ్లీషంతా మొక్కల పేర్లే. వెతగ్గా వెతగ్గా ఇక్సోరా ఒకటి దొరికింది. ఆ తరవాత ఎంత గింజుకున్నా ఇంకొకటి రాలేదు. పక్క నర్సరీ పల్లంరాజుకు ఫోన్ చేశాడు గానీ, రెండో తరగతి పాఠం దగ్గర ఆగిపోయానని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

"పల్లంరాజు గారూ, పేరులో ఎక్స్ అక్షరం ఉన్న మొక్కలేమైనా ఉన్నాయాండి మీ దగ్గర?"

"ఎక్స్ అక్షరమా అండి? ఫాక్స్‌టైల్ పామ్ ఉందండి. ఏంటి సంగతి?"

"అబ్బే, ఏం లేదండి. కావాలి."

కడియంలో ఆ మాట ఊరికే అనకూడదు. ఒక నర్సరీవాళ్లు ఇంకో నర్సరీకి ఫోన్ చేసి 'కావాలి' అన్నారంటే, ఎందుకని ఆరా తీయకుండా ముందు మొక్కలు పంపేస్తారు. మిగతా మాటలన్నీ తరవాత. ఊరు ఊరంతా ఆ నమ్మకం మీదే నడుస్తోంది. దణ్ణం పెట్టాల్సిన పద్ధతే, కాదనలేం. కాకపోతే హోంవర్కులకు పనికిరాదు.

అది గుర్తుకు రాక గంగరాజు హుషారుగా ఉదయ్‌కుమార్‌ని అడిగి ఫీనిక్స్ పామ్, శ్యాంబాబుని అడిగి ఇంగ్లీషులో ఎక్స్‌తోనే మొదలయ్యే జనాడు, ఇంకొకరిని అడిగి ఆక్సాలిస్ పుచ్చుకున్నాడు. అయిదూ పూర్తయ్యాయి. కూతురి చేత అక్షరం అక్షరం రాయించి, మీసం మెలేసుకుంటూ కాఫీ కలుపుకోవడానికి లోపలికి వెళ్లాడు.

పాలు పొంగేలోపు గేటు దగ్గర హారన్ మోగింది. ట్రాలీ ఆటో నిండా ఫాక్స్‌టైల్ పామ్ మొక్కలు. దింపేవాళ్లు అప్పుడే సగం దింపేశారు కూడా. దిగిన మొక్కను వెనక్కి పంపడమంటే వడ్డించిన విస్తరి తోసేయడమే. గంగరాజు "అటు పక్కన పెట్టండి" అన్నాడు. దాని వెనకే ఫీనిక్సులు వచ్చాయి, వాటి వెనక జనాడులు.

ఈలోగా టీ కొట్టు దగ్గర పల్లంరాజు ఒక మాట అన్నాడు. "మన గంగరాజు గారికి పెద్ద పార్టీ తగిలిందండి. పేరులో ఎక్స్ ఉన్న మొక్కలే కావాలంట." ఆ మాట ఊరి చివరికి చేరేసరికి, ఎక్స్ మొక్క వాకిట్లో ఉంటే ఇంటికి కలిసొస్తుందట అన్న వార్త అయింది. ఇక అడిగినవాళ్లూ అడగనివాళ్లూ పంపడం మొదలుపెట్టారు. బుల్లియ్య అనే ముసలి రైతు గులాబీలు పంపాడు.

"గులాబీలో ఎక్స్ ఎక్కడుందండి బుల్లియ్య గారూ?" అని గంగరాజు ఫోన్‌లో గోలపెట్టాడు.

"లేదండి. ఊరికే, మీ పార్టీకి చూపిద్దురుగాని."

మధ్యాహ్నానికి ఇంటి గేటు కనిపించడం మానేసింది.

సూర్యకళ ఆటో రోడ్డు మీదే ఆగిపోయింది. కుండీల మధ్యనుంచి దారి చేసుకుంటూ వచ్చి, మొగుడు నసుగుతూ చెప్పినదంతా విన్నది. పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి, ఎవరి మొక్కలు వాళ్లవిగా విడదీయడం మొదలుపెట్టింది. ఇలాంటి మనిషి చేతిలో పడటం తన అదృష్టమని గంగరాజుకు చాలాసార్లు అనిపించింది గానీ, ఆ రోజు అనిపించినంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు.

"అందరికీ నిజం చెప్పేయండి" అంది ఆవిడ. "చిన్నతనమైతే ఒక్కరోజే. మొక్కలు మనమే బండి కట్టించి పంపిద్దాం, నేనూ వచ్చి మాట్లాడతాను."

అంతలో రాజమండ్రిలో తోటలు వేయించే శాంతికుమార్ కారు దిగాడు. "విన్నానండి గంగరాజు గారూ, ఎక్స్ మొక్కల సంగతి."

"అదేం లేదండి. మా పాప హోంవర్కు" అన్నాడు గంగరాజు తలవంచుకుని.

శాంతికుమార్ గంగరాజుకేసి మెచ్చుకోలుగా చూశాడు. "గుట్టు ఎంత బాగా దాస్తారండి. అందుకే మీరు ఇంతవాళ్లయ్యారు. నాకో లారీ లోడు చేయించండి."

"నిజంగానే హోంవర్కండి" అంది సూర్యకళ.

"మీరూ అంతేనన్నమాట" అన్నాడతను, ఇంకా గౌరవంగా.

ఆ తరవాత వచ్చినవాళ్లకూ మొగుడూ పెళ్లాలు నిజమే చెప్పారు. ఒక్కరూ నమ్మలేదు, అడిగినంత ఇచ్చి మొక్కలు కొనుక్కుపోయారు. చీకటి పడేసరికి వాకిట్లో బుల్లియ్య గులాబీలు తప్ప ఏమీ మిగల్లేదు.

అన్నాలు తింటుండగా దుర్గాశ్రీ మెల్లగా అంది. "నాన్నా, ఆ హోంవర్కు నేను నిన్న బడిలోనే రాసేశాను. ఫాక్స్, బాక్స్, ఆక్స్, సిక్స్, టాక్సీ."

గంగరాజు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "మరి పొద్దున్నే చెప్పలేదేమ్మా?"

"నువ్వు అంత ఇష్టంగా కూర్చుంటే ఎలా చెప్పను?"

సూర్యకళ నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. సిగ్గో సంతోషమో తెలియక గంగరాజుకు కళ్లు చెమర్చాయి.

"నీవి అయిదూ మాత్రం తీసెయ్యను" అంది ఆ పిల్ల. "అవి మా క్లాసులో ఎవరికీ రావు. మా నాన్నకే వచ్చు."

మళ్లీ వారం టీచరు జెడ్ అక్షరం ఇచ్చింది. అదే క్లాసు చదివే మనవడి నోట ఆ సంగతి విన్న పల్లంరాజు, ఎవరూ అడక్కుండానే, ట్రాలీ నిండా జెడ్ జెడ్ మొక్కలు గంగరాజు గేటు ముందు దింపించాడు.