గమ్‌బూట్ల పెళ్ళిచూపులు

పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పలాసలో పాసింజరు ఎక్కి హరిశ్చంద్రపురంలో హిమజను చూసి రావాలి. తొంభైతొమ్మిది వేసవిలో ఓ ఆదివారం ఉమామహేష్ పెట్టుకున్న పని ఇంతే. నిజానికి చూడ్డం ఎప్పుడో అయిపోయింది. టెక్కలిలో ఓ పెళ్ళిలో అతను ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంటే ముందు వరసలో కూర్చున్న ఆ అమ్మాయి చివరిదాకా లేవలేదు. అప్పట్నుంచీ జీడిపప్పు ఫ్యాక్టరీలో బస్తాలు తూయించే ఇతనికి తూకం నిలవడం లేదు. ఈ సంబంధం తప్పితే బతుకే లేదనుకున్నాడు.

బయల్దేరబోతుంటే మేనమామ తాతారావు చల్లగా చెప్పాడు. "ఒరే, పిల్ల తండ్రి జగన్నాథరావుగారు నీ వాయింపు ఇంటాడంట. ఆ డబ్బా కూడా అట్టుకొచ్చీమన్నాడు."

ఉమామహేష్‌కి ముచ్చెమటలు పోశాయి. డబ్బా అంటే ఆంప్లిఫయరు. ఖరగ్‌పూర్‌లో రిటైరైన ఓ రైల్వే గార్డు దగ్గర కొన్న పాతకాలపు విదేశీ సరుకు. లోపల గాజు వాల్వులు, వెనక రెండు పిన్నుల ప్లగ్గు, ఎర్తు తీగ లేదు. గొంతు తేనె, ఒళ్ళంతా కరెంటు. ప్లగ్గు ఒకలా పెడితే చీమ కుట్టినట్టుంటుంది, తిప్పి పెడితే తేలు కుట్టినట్టుంటుంది. ఆ కరెంటు గిటారులోకి, అందులోంచి మనిషిలోకి, కాళ్ళకింద తడి ఉంటే నేలలోకి దిగుతుంది. అందుకే ప్లగ్గు మీద గోళ్ళరంగు చుక్క పెట్టుకున్నాడు. చుక్క కుడివైపు ఉండాలి, కాళ్ళకి రబ్బరు చెప్పులుండాలి. ఎర్తు పెట్టించుకోవయ్యా అంటే, కొత్త తీగ పడితే పాత గొంతు పోతుందని అతగాడి మూఢనమ్మకం.

పెళ్ళిచూపులకి చెప్పులు గుమ్మం బయటే విడవాలి. చెప్పులైతే విడవమంటారు, బూట్లయితే మొహమాటపడతారని ఆలోచించి, లైన్‌మేన్ జోగారావు దగ్గర మోకాళ్ళదాకా ఉండే గమ్‌బూట్లు అడిగి తెచ్చుకున్నాడు.

అక్కడ ఎవరూ మొహమాటపడలేదు.

"ఏటి బాబూ, ఇటునుంచిటే పొలానికెల్తావా?" అంది హిమజ నాయనమ్మ కామేశ్వరమ్మ.

షాకు కొట్టే డబ్బా అని చెబితే డబ్బాతో పాటు తననీ వీధిలో పెడతారు. "కాళ్ళకి సిన్న ఇబ్బందండి. డాక్టరు ఇప్పొద్దన్నాడు" అనేశాడు.

ఆ తీరంలో కాళ్ళ ఇబ్బంది అంటే మొదట తట్టేది ఒక్కటే. కామేశ్వరమ్మ కొడుకు చెవిలో చెప్పాననుకుంది గానీ, వీధిలో వాళ్ళకీ వినపడింది. "ఒరే నాయినా, బోదకాలురా! అందుకే మోకాళ్ళదాకా మూసీసినాడు."

జగన్నాథరావు మొహం ముడుచుకుంది. హిమజ తల దించుకుంది. తాతారావుకి మాత్రం రోషం పొడుచుకొచ్చింది. "మావోడి కాళ్ళకేటండీ! సూడండి, మీరే సూడండి!" అంటూ మేనల్లుణ్ణి కుర్చీలో కూలేసి బూటు పట్టి లాగాడు.

"ఒద్దు మావా! నీకు దండం పెడతాను మావా!"

చెమటకి బూటు అతుక్కుపోయింది. జగన్నాథరావు కూడా తాతారావు నడుం పట్టుకుని లాగాడు. బూటుతో సహా పెద్దలిద్దరూ వెల్లకిలా పడ్డారు. రెండోదానికీ అంతే. చివరికి బయటపడ్డవి నిక్షేపంలాంటి కాళ్ళు. కామేశ్వరమ్మ వంగి రెండు పిక్కలూ నొక్కి చూసి, "బాగున్నాయిరా" అని తీర్పు చెప్పింది.

ఆయాసపడుతున్న తాతారావు కోసం, ఉమామహేష్ రాగానే చుక్క కుడివైపు చూసి పెట్టుకున్న డబ్బా ప్లగ్గు పీకి టేబుల్ ఫ్యాను పెట్టారు. ఆయన తేరుకున్నాక ఫ్యాను తీసి మళ్ళీ డబ్బా పెట్టి స్విచ్చి వేశారు.

"ఇంకేటి, కానీ బాబూ" అన్నాడు జగన్నాథరావు.

ఉమామహేష్ ప్లగ్గు వంక చూశాడు. చుక్క ఎడమవైపుంది. కింద చుట్టాల కోసం కడిగి ఇంకా తడి ఆరని నేల, దాని మీద తన ఉత్త కాళ్ళు. ఎదురుగా హిమజ. తీగ మీద వేలు పెట్టలేడు, పెట్టననీ అనలేడు.

కుర్రాడు సిగ్గుపడుతున్నాడనుకున్నాడు జగన్నాథరావు. "సౌండు నాను పెడతానుండు" అని డబ్బా మీదికి చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి!" అని అరుస్తూ ఉమామహేష్ స్విచ్చి మీదికి దూకాడు. స్విచ్చి ఆపేలోపే జగన్నాథరావు "అమ్మోవ్!" అని ఎగిరి తాతారావు ఒళ్ళో పడ్డాడు.

సంబంధం పోయిందని తేలిపోయాక భయం కూడా పోయింది. ఉమామహేష్ డబ్బా సంగతీ, బూట్ల సంగతీ అంతా కక్కేశాడు.

"ముందే సెప్పొచ్చు గదయ్యా!" అన్నాడు జగన్నాథరావు, చెయ్యి రుద్దుకుంటూ.

"సెప్తే లోపలికి రానివ్వరనీ... మీ అమ్మాయిని మల్లీ సూడలేననీ బయమేసిందండి."

హిమజ మొదటిసారి నోరు విప్పింది. "కరెంటు లేకుండా వాయించలేరా?"

"వాయిస్తానండి. దోమ పాడినట్టుంటాది. అంత దూరం ఇనపడదు."

హిమజ లేచి కుర్చీ ఈడ్చుకొచ్చి, అతని మోకాలికి జానెడు దూరంలో వేసుకుని కూర్చుంది. "ఇప్పుడు ఇనపడతాది" అంది.

అతను వాయించాడు. ఆమెకి తప్ప ఇంకెవరికీ ఒక్క ముక్కా వినపడలేదు. అయినా తాతారావు మర్యాదకి తల ఊపుతూనే ఉన్నాడు.

శ్రావణంలో పెళ్ళయింది. మామగారు పెట్టిన షరతు ప్రకారం, మూడు ముళ్ళ కంటే ముందే డబ్బా ప్లగ్గుకి మూడు పిన్నులు పడ్డాయి.