చల్లబడి తిరిగొచ్చిన వదిన

కోపంతో వెళ్లి అదే కోపంతో తిరిగిరావడం ప్రకృతికే చేతకాని పని. ఈ విషయంలో ప్రకృతి మన కార్యాలయాలను చూసే నేర్చుకుందని నా గట్టి నమ్మకం.

మా వదిన అయాన్ల మీద పరిశోధన చేస్తుంది. అయాను అంటే ఓ ఎలక్ట్రాను పోగొట్టుకుని చార్జితో తిరిగే పరమాణువు. (కార్యాలయ భాషలో, నష్టపోయిన అర్జీదారు.) వదిన వాటిని లోహపు పలక మీదికి విసురుతుంది. లోహం దగ్గర ఎలక్ట్రాన్లకు కొదవలేదు. అయాను దగ్గరికి రాగానే ఒకటి చేతిలో పెట్టి సర్దిచెప్పి పంపేస్తుంది. నెమ్మదిగా వెళ్లేవి దాదాపు అన్నీ ఇలా చల్లబడిపోతాయి. దూసుకెళ్లి దూసుకొచ్చేవాటికే కాస్త చార్జి మిగులుతుంది. వదిన పరికరం చార్జి మిగిలినవాటినే పట్టుకుంటుంది. చల్లబడ్డవి దాని కంటికి ఆనవు.

ఆ యంత్రంలోంచి గాలి తోడేసే పంపు పాడైంది. గాలి చేరితే పలక మీద మురికి పేరుకుని, అయాన్లు లోహాన్ని కాక మురికిని గుద్దుకుంటాయి. నెలాఖరులోగా పంపు బాగుపడకపోతే యంత్రం గోదాముకి పోతుంది, వదిన ఏళ్ల కష్టం మట్టిపాలవుతుంది.

వదిన నిప్పులు కక్కుతూ ఫిర్యాదుల స్వీకరణ మరియు ఉపశమన విభాగానికి వెళ్లింది. అధికారి కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు.

"మీ బాధ మాకు తెలీదామ్మా? నా చేతుల్లోనే ఉంటే ఈపాటికి..." అని ఆగాడు. (ఆ వాక్యాన్ని పూర్తిచేసే అధికారం పై విభాగానిది.)

సాయంత్రం వదిన చల్లగా ఇల్లు చేరింది.

"ఏమైంది వదినా?"

"ఏముంది, మంచాయన."

మర్నాడు తేరుకుని తల పట్టుకుంది. "కూర్చోవడమే నా పొరపాటు. ఎంతసేపు దగ్గరుంటే అంత చల్లబడతాం. ఈసారి వెళ్లడం, అడగడం, వచ్చేయడం. అంతే!" అంటూ పరుగుబూట్లు తొడుక్కుంది.

విభాగమేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వేగంగా వచ్చేవాళ్ల కోసం గుమ్మంలోనే ఓ గుమాస్తాని నియమించింది. అర్జీదారు నోరు తెరవకముందే తన కష్టాలు చెప్పుకోవడం అతని విధి. వదిన అడుగు లోపల పెట్టేలోపే అతను నడుంనొప్పి నుంచి ఆగిపోయిన ప్రమోషన్ దాకా వచ్చేశాడు.

కొన్ని అయాన్లు ఒక ఎలక్ట్రానుతో ఆగక ఇంకోటి కూడా పుచ్చుకుని, పూర్తిగా వ్యతిరేక చార్జితో తిరిగొస్తాయని వదిన ఎప్పుడో చెప్పింది. ఆ రోజు వదిన ఇంటికి రాగానే కళ్లారా చూశాను.

"పంపు సంగతేంటి?" అన్నాను.

"నీకెంతసేపూ పంపు గోలే! వాళ్లెంత చాకిరీ చేస్తున్నారో తెలుసా? మనలాంటివాళ్లం వెళ్లి వాళ్ల ప్రాణాలు తోడేస్తున్నాం" అని నా మీద విరుచుకుపడింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

అంతలో విభాగం వార్షిక నివేదిక వెలువడింది. బయటికెళ్లేటప్పుడు అరిచేవాళ్లనే అసంతృప్తులుగా లెక్కించడం అక్కడి నియమం. ఈ ఏడాది ఒక్కరూ తేలలేదు. ఇంత గొప్పగా పనిచేసే విభాగాన్ని విస్తరించాలని పైవాళ్లు తీర్మానించారు. అందుకు ఎవరికీ అభ్యంతరం లేని గదిగా వదిన ప్రయోగశాలను ఎంపిక చేశారు.

నెలాఖరున యంత్రాన్ని మోసుకెళ్లడానికి మనుషులొచ్చారు. వదినే తలుపు తెరిచి పట్టుకుంది.

"మెల్లగా నాయనా, గుమ్మానికి గీతలు పడతాయి" అంది.